నడుముకు బెల్టు, పొట్టకు పని

జిమ్ములో తోలు బెల్టు బిగించుకున్న మనిషిని చూస్తే వెన్నుకు ఆసరా పెట్టుకున్నాడనుకుంటాం. బెల్టు అసలు పని ముందువైపు, పొట్ట దగ్గర జరుగుతుంది.

పెద్ద బరువు ఎత్తబోయే లిఫ్టర్ నిండుగా ఊపిరి పీల్చి, గొంతు మూసి, పొట్ట బిగిస్తాడు. దీన్ని వాల్సాల్వా పద్ధతి అంటారు. బొలోన్యా వైద్యుడు ఆంటోనియో వాల్సాల్వా 1704లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని వివరించాడు. ఆయన దృష్టి బరువుల మీద కాదు, చెవిలో చేరిన చీమును బయటికి పంపడం మీద. ఊపిరి బిగబట్టగానే పైనుంచి డయాఫ్రం, చుట్టూ పొట్ట కండరాలు నొక్కి లోపలి ఒత్తిడిని పెంచుతాయి. ఆ ఒత్తిడితో మొండెం గట్టిపడుతుంది, బరువు కింద నడుము వంగిపోదు.

సైకిల్ ట్యూబును విడిగా పెట్టి గాలి కొడితే ఉబ్బిపోతుంది. టైరులో పెట్టి కొడితే ఉబ్బే చోటు లేక గట్టిపడుతుంది. పొట్టకు బెల్టు అలాంటి టైరే. అయితే గాలి కొట్టాల్సింది మనిషే.

పాతకాలపు లిఫ్టింగ్ బెల్టులు వెనక వెడల్పుగా, ముందు సన్నగా ఉండేవి. పవర్‌లిఫ్టింగ్ బెల్టు చుట్టూ ఒకే వెడల్పు: నిబంధనల ప్రకారం 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు మించకూడదు. ముందు కూడా అంత తోలు ఉంటేనే పొట్ట నెట్టడానికి చోటు దొరుకుతుంది.

1989లో అమెరికాలో హార్మన్ అనే పరిశోధకుడి బృందం తొమ్మిదిమంది చేత, వాళ్లు ఎత్తగల గరిష్ఠ బరువులో 90 శాతంతో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును నిలబడేదాకా ఎత్తడం) చేయించింది. బెల్టు ఉన్నప్పుడు పొట్టలో ఒత్తిడి ముందుగానే మొదలై, ఎక్కువ స్థాయికి చేరింది. 1992లో లాండర్ అనే మరో పరిశోధకుడి బృందం వరసగా ఎనిమిది స్క్వాట్‌లు (బరువుతో కూర్చుని లేవడం) చేయించి చూస్తే, బెల్టు కట్టుకున్నప్పుడు అలసట వచ్చే చివరి స్క్వాట్‌లలో కూడా త్వరగా పైకి లేచారు.

లిఫ్టర్ల బెల్టులు చూసి గోదాముల్లో, దుకాణాల్లో మూటలు మోసేవారికీ నడుము బెల్టులు ఇచ్చారు. అక్కడ ఫలితం కనిపించలేదు. 1994లో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్, ఆరోగ్యవంతులైన కార్మికులకు ఇవి గాయాలను తగ్గిస్తాయనడానికి తగిన ఆధారం లేదని చెప్పింది. 160 దుకాణాల్లో 9,377 మంది మీద జరిపిన పరిశీలన 2000లో వెలువడింది. అందులోనూ బెల్టు వల్ల నడుము గాయాలు తగ్గలేదు. లిఫ్టర్ కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టి బెల్టును నెడతాడు. రోజంతా సరుకు మోసేవాడికి అది కుదిరే పని కాదు.

బెల్టు పనికొచ్చేది ఆ కొన్ని సెకన్ల బిగింపుకే కాబట్టి వార్మప్‌కు, తేలికపాటి సెట్లకు అది అక్కర్లేదు. బరువు గరిష్ఠానికి దగ్గరవుతున్నప్పుడు కట్టుకుని, సెట్టు అవగానే వదులు చేస్తే చాలు. ఊపిరి బిగబడితే రక్తపోటు బాగా పెరుగుతుంది కాబట్టి బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. కొత్తవాళ్లు బెల్టు కొనేముందే ఊపిరి పట్టి పొట్ట బిగించడం నేర్చుకోవాలి. అది రాకపోతే ఎంత ఖరీదైన తోలైనా ఒక్క కిలో కూడా అదనంగా ఎత్తించదు.