కంప్యూటరు తెర - చుక్కల లెక్క

కంప్యూటరు తెరపై తెల్లగా కనబడు భాగమును భూతద్దముతో చూచినచో, అచ్చట తెలుపు రంగే లేదని తేలును. ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగుల సన్నని గళ్లు వరుసలు దీరి యుండును. ఈ మూడు గళ్లు కలిసి ఒక చుక్క. దీనికే పిక్సెల్ అని పేరు. నేడు విరివిగా వాడుకలోనున్న ఒక రకపు ఎల్.సి.డి. తెరలో వరుసకు 1920 చుక్కల చొప్పున 1080 వరుసలుండును. మొత్తము 20,73,600 చుక్కలు. ఇవి కర్మాగారములోనే అమర్చబడినవి. తరువాత వీటిని పెంచుటకు గాని, తగ్గించుటకు గాని వీలులేదు.

మరి కంప్యూటరులో ‘రిజల్యూషన్’ మార్చినప్పుడు మారునదేమి? తెరకు పంపబడు చిత్రములోని చుక్కల సంఖ్య మాత్రమే. ఈ తెరకు 960 × 540 చిత్రమును పంపినచో, చిత్రములోని ఒక్కొక్క చుక్కకు తెరపై సరిగా నాలుగు చుక్కలు దొరకును. 1366 × 768 చిత్రమును పంపినచో, ఒక్కొక్క చుక్క అడ్డముగను, నిలువుగను సుమారు 1.4 చుక్కల మేర పరచుకొనవలెను. చుక్కలో కొంత భాగము మాత్రమే వెలుగుట సాధ్యము కాదు. కావున ఇరుగుపొరుగు చుక్కల రంగులను కలిపి సగటు కట్టవలసి వచ్చును, అంచులు అలుకుకొనినట్లగును. థ, ధ అక్షరములకు భేదము నడుమనున్న చిన్న బిందువే. అది మసకబారినచో చదువువాడు తడబడును.

నిష్పత్తి తప్పినచో మరియొక చిక్కు. 1920 × 1080 కొలతల నిష్పత్తి 16:9. 1024 × 768 కొలతలది 4:3. రెండవ చిత్రమును మొదటి తెర నిండునట్లు సాగదీసినచో, వెడల్పు 1.875 రెట్లు, ఎత్తు సుమారు 1.406 రెట్లు అగును. వృత్తమునకు బదులు, ఎత్తు కంటె వెడల్పు మూడవ వంతు ఎక్కువైన దీర్ఘవృత్తము కనబడును.

సాధారణముగా తెర తన కొలతలను కంప్యూటరునకు తానే తెలుపును. ఇందులకై తెరలో ‘ఈడిఐడి’ అను చిన్న పట్టిక యుండును. దాని మూలభాగము 128 బైట్లు. కేబులు చెడిపోయి గాని, నడుమ చేర్చిన పరికరము అడ్డగించి గాని పట్టిక అందనిచో, కంప్యూటరు 1024 × 768 వంటి సామాన్యపు కొలతలనే చూపవచ్చును. అట్టి వేళ మొదట కేబులు మార్చి చూడవలెను. అప్పటికిని సరికానిచో, తెరతో వచ్చిన పుస్తకములోని అసలు కొలతలను స్వయముగా నమోదు చేయవలెను. కస్టమ్ రిజల్యూషన్ అనగా ఇదియే. విండోస్ కంప్యూటరులలో గ్రాఫిక్స్ కార్డునకు చెందిన ప్రోగ్రామునందు తరచుగా ఇందుకు చోటుండును. లినక్సులోని ఎక్స్ విండో పద్ధతియందు ‘సీవీటీ’ లెక్క కట్టి యిచ్చును; ‘ఎక్స్‌రాండర్’ దానిని అమలుపరచును.

ఈ లెక్క దేనికి? చిత్రము కేబులు గుండా చుక్క తరువాత చుక్కగా పోవును. ప్రతి వరుసకును, ప్రతి చిత్రమునకును కొంత విరామము చేర్చుదురు. పిక్చర్ ట్యూబు తెరలలో ఎలక్ట్రానుల పుంజము మొదటికి మరలుటకై ఏర్పడిన ఈ విరామము నేటికిని నిలిచియున్నది. దానితో కలిపి 1920 × 1080 చిత్రము 2200 × 1125 అగును. సెకండుకు 60 చిత్రములు పంపవలెనన్నచో,

2200 × 1125 × 60 = 14,85,00,000

అనగా 148.5 మెగాహెర్ట్జులు. సింగిల్ లింక్ డి.వి.ఐ. కేబులునకు హద్దు 165 మెగాహెర్ట్జులు. కావున ఇది సాధ్యమే. కాని 1920 × 1200 తెరకు వెనుకటి ట్యూబుల విరామమునే ఉంచినచో సుమారు 193 మెగాహెర్ట్జులు కావలెను. విరామమును కుదించినచో 154తో పని నెరవేరును. కస్టమ్ కొలతలతో పాటు ‘రెడ్యూస్డ్ బ్లాంకింగ్’ను ఎన్నుకొనుట ఇందుకే.

సంఖ్య తప్పినచో తెర నల్లబడవచ్చును, లేదా ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని చూపవచ్చును. కంగారు పడనవసరము లేదు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగులలో చేసిన మార్పును 15 సెకండ్లలో అంగీకరింపనిచో పాత కొలత తిరిగి వచ్చును. ఎక్స్‌రాండరుతో చేసిన మార్పు కంప్యూటరును మరల ప్రారంభించినంతనే తొలగిపోవును.

వెనుక బల్లల విద్యార్థులకు అక్షరములు పెద్దవిగా కనబడవలెనని రిజల్యూషన్ తగ్గించుట సరియైన పద్ధతి కాదు. రిజల్యూషన్‌ను తెర అసలు కొలతయందే ఉంచి, ‘స్కేల్’ను 125 లేక 150 శాతమునకు పెంచవలెను. అప్పుడు ఒక్కొక్క అక్షరమునకు ఎక్కువ చుక్కలు లభించి, పెద్దదియే గాక స్పష్టముగను కనబడును. రెండు విధములను ఒకే తెరపై చూపి, థ, ధ అక్షరములను భూతద్దముతో పరీక్షింపజేసినచో విద్యార్థులు ఈ భేదమును కన్నులార తెలిసికొందురు.