మీకు తెలుసా? డొరొతీ బూట్లు మొదట ఎర్రవి కావు!

ఎల్. ఫ్రాంక్ బామ్ రాయగా 1900లో వెలువడిన, ఓజ్ అనే మాయాలోకపు నవలలో కథానాయిక డొరొతీ అనే పిల్ల తొడుక్కునేవి వెండి బూట్లు. 1939లో ఎంజీఎం తీసిన సినిమాలో అవి కెంపులవయ్యాయి. డొరొతీ నడిచే పసుపు ఇటుకల బాట మీద, టెక్నికలర్‌లో ఎరుపే కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని మార్చేశారు.

డొరొతీ ఇల్లున్న కాన్సాస్ విషయంలో మాత్రం సినిమా పుస్తకాన్నే నమ్ముకుంది. నేల, ఇల్లు, మనుషులు, అన్నీ బూడిదరంగేనని బామ్ రాశాడు. సినిమా ఆ భాగాన్ని సెపియాలో ఉంచి, ఓజ్‌లో అడుగుపెట్టాకే రంగులు కురిపించింది. అద్భుతమైన ఆలోచన!

అసలు తేడా ముగింపులో ఉంది. సినిమాలో డొరొతీ ఓజ్ ప్రయాణమంతా కల. నవలలో నిజంగా జరిగిందే: సుడిగాలి ఎత్తుకుపోయిన ఇంటికి బదులు డొరొతీని పెంచే అంకుల్ హెన్రీ కొత్త ఇల్లు కట్టుకుని ఉంటాడు. పిల్ల చూసినదాన్ని కలగా కొట్టిపారేయని బామ్ ముగింపే మిన్న.

ఓజ్‌లోని పచ్చల నగరం కిటుకు కూడా సినిమాలో లేదు. పుస్తకంలో ఊళ్లోకి వచ్చినవారందరికీ ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టి తాళం వేస్తారు, అందుకే అంతా పచ్చగా కనిపిస్తుంది.

ఇక డొరొతీకి తోడుగా నడిచే రేకు మనిషి, పుస్తకంలో మొదట మామూలు కట్టెలు కొట్టేవాడే. మంత్రగత్తె శపించిన గొడ్డలి కాళ్లూ చేతులూ ఒక్కొక్కటే నరికేస్తుంటే, రేకు పనివాడు కొత్తవి అతికిస్తూ పోయాడు. ఈ కథను సినిమా ముట్టుకోలేదు.