కొండరాతిలో కనబడని పగుళ్లు

థాయిలాండు దేశమున క్రాబీ సముద్రతీరములో నిటారైన సున్నపురాతి కొండలు కలవు. వానిని ఎక్కువారు రాతిలో బిగించిన బోల్టులకు త్రాడు తగిలించుకొందురు. కాలు జారినపుడు ప్రాణమును నిలుపునది ఆ బోల్టే.

ఈ పనికి సాధారణముగా వాడు తుప్పుపట్టని ఉక్కులో నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియము ఉండును. అది ఆమ్లజనితో కలిసి పలుచని పొరయై లోహమును కాపాడును. కాని సముద్రపు గాలిలోని క్లోరైడులు ఆ పొరను ఛేదించును. లోహములోని ప్రతిబలము దీనికి తోడైనచో సన్నని పగుళ్లు లోలోపల ప్రాకును. పైకి మెరయుచున్న బోల్టు కూడ హఠాత్తుగా విరుగవచ్చును. అందుచే అచ్చట టైటానియము బోల్టులను జిగురుతో అమర్చుచున్నారు.

పాత బోల్టులు మార్చుట నేర్చువారు మొదట నేలమీది బండపై, అనుభవజ్ఞుల ఎదుట అభ్యసింపవలెను. రాయి చెదరకుండ పాతదానిని ఊడదీయుట మొదటి మెట్టు. వీలైనచోట పాత రంధ్రమునే తగినంత పెద్దది చేసి వాడుదురు. పిదప రంధ్రమును బ్రష్షుతో రుద్ది, గాలి ఊది, ధూళిని తీసివేయవలెను. ధూళి మిగిలినచో జిగురు రాతిని అంటక ధూళినే అంటును. జిగురు పూర్తిగా గట్టిపడువరకు బోల్టుపై బరువు వేయరాదు.

తరువాత ఎక్కువాడు రంధ్రము లోపలిని చూడజాలడు. బిగించినవాని శ్రద్ధనే నమ్మి ఎక్కును.