బీపీటీ అన్నం, షుగరు జబ్బు: ప్రయోగశాల చెప్పిందేమిటి, సంచి మీద రాసిందేమిటి

తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల పల్లెల్లో సాయంత్రం పూట నలుగురు పెద్దలు ఒకచోట చేరితే వాన సంగతి, ధాన్యం ధర సంగతి అయిన తర్వాత వచ్చే మాట షుగరు జబ్బు గురించే. డాక్టరు గారు అన్నం తగ్గించమన్నారని ఒకరు, రాత్రి పూట పుల్కాలతో సరిపెట్టుకుంటున్నామని మరొకరు చెబుతారు. కాలువ కింద మాగాణి చేసుకుంటూ, గాదె నిండా ధాన్యం పెట్టుకుని, అన్నం మానుకోమంటే మనసు ఒప్పుకోదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు వున్నదని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున వున్నారని ఆ సర్వే అంచనా కట్టింది. యిది పట్నవాసం జబ్బు అనుకునే రోజులు పోయాయి.

యీ ఆదుర్దాను కనిపెట్టిన వర్తకులు కొందరు "షుగర్ ఫ్రీ బియ్యం", "డయాబెటిక్ రైస్" అని సంచుల మీద అచ్చువేసి మామూలు బియ్యం కన్నా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. యిదంతా వట్టి మోసమని కొట్టిపారేయటానికి వీల్లేదు. దీని వెనుక నిజమైన పరిశోధన ఒకటి వుంది. దాని మొదలు బాపట్లలోనే వుంది. అయితే ఆ పరిశోధన చెప్పిన మాటకూ, సంచి మీది మాటకూ మధ్య చాలా దూరం వున్నది.

బాపట్ల నుంచి హైదరాబాదుకు

బీపీటీ అంటేనే బాపట్ల. 1945లో వెలసిన వ్యవసాయ కళాశాల వున్న ఆ వూళ్లో, వరి పరిశోధన క్షేత్రంలో తయారైన బీపీటీ 5204 అనే రకం 1986లో విడుదలైంది. సాంబ మసూరి అన్నా అదే. దీని పుట్టుక చూస్తే నాలుగు వూళ్ల చుట్టరికం కనబడుతుంది. కోయంబత్తూరు పాత సన్నరకం జి.ఇ.బి. 24ను తైవాను నుంచి వచ్చిన పొట్టి వరి తైచుంగ్ నేటివ్ 1తో సంకరపరచి, దాన్ని మళ్లీ మలేషియా నుంచి వచ్చిన మసూరితో కలిపారు. సన్నని గింజ, మెత్తని అన్నం, మంచి ధర. అందుకే నలభై ఏళ్లుగా ఎన్ని కొత్త రకాలు వచ్చినా మన జనం నోట బీపీటీ మాట పోలేదు.

దీనికి రెండు లోపాలున్నాయి. పంటకాలం దాదాపు 150 రోజులు. తెగుళ్లకు తట్టుకోలేదు. అందులోనూ గాలివాన కొట్టిన తర్వాత వచ్చే ఎండాకు తెగులు సంగతి రైతులకు చెప్పనవసరం లేదు. ఆకు కొస నుంచి అంచుల వెంబడి అలలుగా పసుపు తిరిగి, గడ్డిలా ఎండిపోతుంది. తెగులు సోకిన ఆకును కోసి, గ్లాసు మంచినీళ్లలో కోసిన వైపు ముంచితే కాసేపటికి పాలలాంటి తెల్లని తీగ నీళ్లలోకి దిగుతుంది. ఆ తీగ అంతా బాక్టీరియాయే. మందు కొట్టి దీన్ని అదుపు చేయటం కష్టం. యూరియా వేసే కొద్దీ ముదురుతుంది కూడాను.

యీ తెగులుకు విరుగుడు వెతికే పని హైదరాబాదులో రెండు సంస్థలు తలకెత్తుకున్నాయి. ఒకటి సి.సి.ఎం.బి. అని పేరుపడిన జీవకణ పరిశోధన కేంద్రం. మరొకటి రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ. అక్కడ రమేశ్ సొంటి, యిక్కడ ఆర్.ఎం. సుందరం, వారితోటి శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. తెగులును తట్టుకునే మూడు జన్యువులు యితర వరి రకాల్లో వున్నాయని అప్పటికే తెలుసు. వాటిలో ఒకటి మూలంగా ఆఫ్రికా ఖండంలోని మాలి దేశపు అడవి వరిది. ఆ మూడింటినీ సాంబ మసూరిలోకి తేవాలి. కానీ గింజ మారకూడదు, అన్నం రుచి మారకూడదు. మారితే మిల్లరు ధర తగ్గించేస్తాడు.

వారు చేసింది సంకరమే. మన పెద్దలు మంచి ఆబోతును ఎంచి తమ పశువుల మేలుజాతిని నిలబెట్టుకున్నట్లే. తేడా అల్లా ఎంపికలో వుంది. పాత పద్ధతిలో మొక్క పెరిగి తెగులు పెట్టి చూసే దాకా ఫలితం తెలియదు. పైగా మూడు జన్యువులూ వున్నాయో, ఒకటే వున్నదో పైకి చూసి చెప్పలేరు. కొత్త పద్ధతిలో నారుమొక్క నుంచి చిన్న ఆకుముక్క తీసి, అందులోని డి.ఎన్.ఎ.ను పరీక్షించి, మూడూ వున్న మొక్కను నిలుపుకొని తక్కినవి పీకేస్తారు. అలా ఎంచిన మొక్కను నాలుగు తరాల పాటు మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరపరిచారు. చివరకు వచ్చినది అన్నివిధాలా సాంబ మసూరే, ఎండాకు తెగులును తట్టుకునే గుణం మాత్రం అదనం. దాని పేరు మెరుగుపరచిన సాంబ మసూరి. విత్తన పత్రాలలో ఆర్పీ బయో 226. 2008 నాటికి అది రైతులకు విడుదలైంది.

యిది జన్యుమార్పిడి పంటేనా అని అడిగేవారున్నారు. కాదు. బి.టి. పత్తిలో బాక్టీరియా జన్యువును ప్రయోగశాలలో దించారు. యిక్కడ వరికీ వరికీ జరిగిన సంకరమే.

జన్యువు మాట వింటేనే జంకేవారికి ఒక సంగతి చెప్పాలి. షుగరు రోగి పొట్టకు పొడుచుకునే ఇన్సులిన్ మొదట్లో కబేళాల నుంచి, పందుల, పశువుల క్లోమగ్రంథి నుంచి వచ్చేది. 1982లో అమెరికాలో మానవ ఇన్సులిన్‌కు అనుమతి వచ్చింది. మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి, దాని చేత ఇన్సులిన్ తయారు చేయించిన మందు అది. అదేవిధంగా పచ్చకామెర్లకు ఒక కారణమైన హెపటైటిస్-బి వైరస్ జన్యువును ఈస్టులో పెట్టి టీకా తీస్తారు. దేశంలో మొట్టమొదట ఆ టీకాను యీ పద్ధతిలో తయారు చేసింది నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాదరెడ్డి గారు 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్. జెనీవాలో ఒక సమావేశంలో విదేశీ సంస్థ వారి నుంచి ఎదురైన చిన్నచూపే తనను యీ పనికి పురికొల్పిందని ఆయన అనేక వేదికల మీద చెప్పుకున్నారు. దిగుమతి టీకా డోసు వందల రూపాయలున్న కాలంలో, 1997లో, యాభై రూపాయల ప్రాంతంలో అది బజారులోకి వచ్చింది. మిగిలిన కంపెనీలూ ధర దించక తప్పలేదు. ఆ శాంతా 2009లో ఫ్రెంచి కంపెనీ సనోఫీ చేతికి పోయింది. అది వేరే కథ.

50.99 అంటే ఏమిటి?

తిరిగి అన్నం దగ్గరకు వద్దాం. తెగులు కోసం తయారైన ఆ బియ్యాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పరీక్షించినప్పుడు మరో సంగతి బయటపడింది. దాని గ్లైసెమిక్ సూచిక 50.99 అని తేలింది. యీ సూచిక తీసే పద్ధతి యిది. షుగరు లేని పదిమంది మనుషుల చేత 50 గ్రాముల పిండిపదార్థం వుండేంత అన్నం తినిపిస్తారు. రెండు గంటల పాటు మధ్యమధ్య రక్తం తీసి చక్కెర ఎంత పెరిగిందో చూస్తారు. మరొక రోజు అంతే గ్లూకోజు యిచ్చి చూస్తారు. గ్లూకోజును 100 అనుకుంటే అన్నం ఎంత అన్నదే లెక్క. 55 లోపు వుంటే తక్కువ, 70 నుంచి పైన ఎక్కువ, మధ్యవి మధ్యరకం. మనం తినే తెల్లబియ్యం రకాలు చాలావరకు మధ్యలోనో, పైనో పడతాయి. తెలంగాణలో రాజేంద్రనగర్ విశ్వవిద్యాలయం వారి ఆర్.ఎన్.ఆర్. 15048 కూడా 51 ప్రాంతంలో వున్నదని చెబుతారు. తెలంగాణ సోన అంటే అదే.

అంటే యీ అన్నం తింటే రక్తంలో చక్కెర నిదానంగా పెరుగుతుంది. పెరగదని కాదు. అన్నంలోని పిండి అంతా చివరకు గ్లూకోజే అవుతుంది. కనుక "షుగర్ ఫ్రీ బియ్యం" అన్న మాటకు అర్థమే లేదు. సూచిక తక్కువ గదా అని ఒక గిన్నె తినేవారు రెండు గిన్నెలు తింటే లాభం కాస్తా పోయి నష్టం మిగులుతుంది. వండే తీరు మీద కూడా వుంటుంది. గింజ పలుకుగా వున్న అన్నం వేరు, మెత్తగా గుజ్జుగా వుడికించినది వేరు. ఎక్కువ పాలిష్ పట్టి తవుడంతా పోగొట్టుకున్న బియ్యం సంగతి చెప్పేదేముంది! పక్కన పప్పు, ఆకుకూర వుంటే ఒక రకం, వట్టి చారన్నం అయితే మరొక రకం.

గింజ చూసి చెప్పలేము

అసలు చిక్కు యిక్కడే. మెరుగుపరచిన సాంబ మసూరి గింజకూ, మామూలు బీపీటీ గింజకూ కంటికి తేడా లేదు. శాస్త్రవేత్తలు కావాలనే తేడా రానీయలేదు గదా! పొలంలో ఎండాకు తెగులు వచ్చినప్పుడు తప్ప రెంటినీ విడదీసి చెప్పటం రైతు వల్ల కాదు. కళ్లంలో, మిల్లులో కలిసిపోయిన తర్వాత డి.ఎన్.ఎ. పరీక్ష తప్ప దారి లేదు. ఆ పరీక్ష ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? కనుక సంచి మీది మాటకు సాక్ష్యం లేదు. కొన్నవాడు అదనపు ధర చెల్లిస్తాడు. పండించిన రైతుకు, అందులోనూ కౌలు రైతుకు, ఆ అదనంలో పైసా చేరదు. ఎక్కడో ఒకచోట రైతు సంఘాలు యీ రకాన్ని విడిగా పండించి, విడిగా మరపట్టించి, పరీక్ష పత్రంతో అమ్ముకుంటేనే యిద్దరికీ న్యాయం జరుగుతుందని మా అభిప్రాయం. అప్పటివరకు ఎంత పెద్ద అక్షరాలతో రాసివున్నా ఆ సంచిని మామూలు బియ్యం సంచిగానే చూడాలి.

తమ యింటి తిండికి తామే పండించుకోదలచిన రైతులకు మార్గం వుంది. విత్తనం కొనేటప్పుడు రకం పేరు ఆర్పీ బయో 226 అని వున్నదా లేదా చూసుకోవాలి. బ్రీడరు విత్తనానికి పసుపు చీటీ, ఫౌండేషను విత్తనానికి తెల్ల చీటీ, ధ్రువీకరణ విత్తనానికి నీలం చీటీ వుంటాయి. చీటీ లేని విడి విత్తనాన్ని, బస్తా విప్పి చూపించి అదే రకమంటే నమ్మరాదు. రసీదు దాచుకోవాలి. నూర్పిడి వేరే చేసి, చిన్న మిల్లులో పాలిష్ తక్కువ పట్టించుకుంటే చాలు.

బీపీటీ ప్రయాణం యింతటితో ఆగలేదు. 2025 మే 4న కేంద్ర వ్యవసాయమంత్రి ఢిల్లీలో రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. వాటిలో రాజేంద్రనగర్ సంస్థ తయారుచేసిన కమల అనే రకానికి తల్లి మన సాంబ మసూరే. దీన్ని సంకరంతో కాక, జన్యు కత్తెరతో తయారు చేశారు. వెన్నులో గింజల సంఖ్యను అదుపు చేసే సాంబ మసూరి సొంత జన్యువులోనే చిన్న కోత పెట్టారు. బయటి జన్యువును చేర్చలేదు. దిగుబడి పెరుగుతుందని, పంటకాలం సుమారు ఇరవై రోజులు తగ్గుతుందని సంస్థవారి మాట. డెల్టా రైతుకు యీ ఇరవై రోజులు చిన్న సంగతి కాదు. వరి కోతకు ముందు మినుము చల్లేవారికి, కోసిన తర్వాత మొక్కజొన్న వేసేవారికి, కాలువ చివరి భూముల వారికి దీని విలువ తెలుసు. అయితే ప్రయోగాల లెక్కల మీద అదే సంవత్సరం విమర్శలు వచ్చాయి. కత్తెర సాంకేతికానికి విదేశీ పేటెంట్లూ వున్నాయి. మన పొలాల్లో రెండు మూడు పంటలు చూడకుండా నిర్ణయానికి రాలేము.

ఆ కత్తెరే మనుషుల వైద్యంలోకీ వచ్చింది. మన్యం ప్రాంతాల గిరిజనులను పీడించే సికిల్ సెల్ రక్తపు జబ్బుకు యీ పద్ధతి చికిత్సను 2023లో బ్రిటను, అమెరికా దేశాలు అనుమతించాయి. అమెరికాలో దానికి పెట్టిన ధర 22 లక్షల డాలర్లు. మన రూపాయల్లో కోట్ల మాట. టీకాను యాభై రూపాయలకు దించినట్లు దీన్నెవరు దించుతారో!

షుగరు వున్నవారు బియ్యం మార్చదలచుకుంటే ముందు డాక్టరుతో చెప్పి, తర్వాత యింట్లోనే చూసుకోవచ్చు. గ్లూకోమీటరు యిప్పుడు చాలా యిళ్లల్లో వుంది. ఒక కప్పు కొలత పెట్టుకుని, ఒకరోజు పాత అన్నం, మరొక రోజు కొత్త అన్నం, రెండు రోజులూ అదే కూర, అదే వేళ, అదే మందు. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి కాగితం మీద రాసుకోవాలి. ఒక్క రోజు అంకె చూసి నమ్మకూడదు. నాలుగైదు సార్లు అలా రాసిన కాగితాన్ని డాక్టరుకు చూపించాలి. అన్నం మారింది గదా అని మాత్రగాని ఇన్సులిన్‌గాని సొంతంగా తగ్గించుకోరాదు.