పండుగ పిండివంటలు - హార్మోన్ల సమతౌల్యం

ఉప్పాడ పేరు వినగానే తెలుగువారికి జాందానీ చీరలు స్ఫురిస్తాయి. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చీరలు నేసే మగ్గాలు ఒకవైపు, సముద్రంపై బతికే మత్స్యకారుల వలలు మరొకవైపు ఈ తీరగ్రామానికి జీవనాధారాలు. సంక్రాంతి సమీపించగానే రెండు వాడల్లోనూ బియ్యం నానుతాయి. బెల్లం పాకానికి వస్తుంది. అరిసెలు, సున్నుండలు, పోకుండలు, జంతికలు డబ్బాలకు ఎక్కుతాయి. ఇవి చాలవన్నట్లు తాపేశ్వరం మడతకాజా, కాకినాడ గొట్టంకాజా, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు చుట్టాల చేతిసంచులలో వచ్చి చేరుతాయి. గోదావరి సీమలో ఆతిథ్యానికి కొలత విస్తరి. కొత్త అల్లుడు చాలునని చెయ్యి అడ్డుపెట్టినా, వడ్డించేవారికి అది ఇంకొకటి వెయ్యమన్నట్లే వినిపిస్తుంది.

ఇంత తీపి నాలుక దాటిన తరువాత ఏమవుతుందో తెలుసుకోవడానికి ముందుగా ఒక లెక్కను గుర్తుంచుకోవాలి. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి శరీరంలోని రక్తమంతటిలో పరగడుపున ఉండే గ్లూకోజు సుమారు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు. ఒక్క అరిసెలోని బెల్లం, బియ్యపుపిండి కలిసి దానికి అనేక రెట్ల గ్లూకోజును రక్తంలోనికి పంపగలవు. అయినను రక్తంలోని చక్కెర ఆ మేరకు పెరిగిపోదు. క్లోమగ్రంథిలోని లాంగర్‌హాన్స్ పుటికలు వెంటనే ఇన్సులిన్‌ను స్రవిస్తాయి. ఆ హార్మోను ఆజ్ఞతో కండరాలు, కొవ్వుకణాలు గ్లూకోజును లోనికి తీసుకొంటాయి. కాలేయం దానిని గ్లైకోజన్‌గా నిల్వ చేస్తుంది. చక్కెర తగ్గినప్పుడు గ్లూకగాన్ అనే మరొక హార్మోను ఆ నిల్వను కరిగించి తిరిగి రక్తంలోనికి విడిపిస్తుంది. ఒకటి గాదె నింపితే మరొకటి గాదె తెరుస్తుంది. హార్మోన్ల సమతౌల్యం అనే మాటకు ఇంతకన్న సులభమైన ఉదాహరణ లేదు.

ఈ ఏర్పాటు చెడిపోతే ఎట్లుండునో శతాబ్దం క్రిందటి లోకానికి బాగుగా తెలుసు. మధుమేహం సోకిన పిల్లలను అర్ధాకలితో ఉంచి కొన్ని నెలల ఆయువు పొడిగించడమే నాటి వైద్యం. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేయగా, 1922 జనవరి 11న పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు దానిని తొలిసారిగా ఎక్కించారు. మొదటి మందు అంతగా పనిచేయలేదు. కాలిప్ శుద్ధిచేసిన మందును పన్నెండు రోజుల తరువాత ఇచ్చినప్పుడు బాలుడు కోలుకున్నాడు. మన దేశంలో నేడు ఆ బెడద వేరు రూపంలో ఉంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని, మరి 13 కోట్ల పైచిలుకు మంది దాని గుమ్మంలో నిలిచి ఉన్నారని అంచనా కట్టింది. వీరిలో అత్యధికుల విషయంలో ఇన్సులిన్ లేకపోవడం కాదు, ఉన్న ఇన్సులిన్ మాటను కణాలు వినకపోవడమే ముఖ్యమైన చిక్కు.

కణాలు మాట వినడంలో కండరాల పాత్ర పెద్దది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ ఆజ్ఞకై వేచి ఉండక గ్లూకోజును తానే లోనికి లాగుకొంటుంది. తెడ్డు వేసి, వల లాగిన మత్స్యకారుడు తిన్న సున్నుండ, పగలంతా గుంటమగ్గంలో కూర్చున్న నేతగాడు తిన్న సున్నుండ ఒకే గిన్నెలోనివైనా, శరీరంలో వాటి దారులు వేరు. జాందానీ పనిలో కళ్లు, వేళ్లు అలసిపోతాయిగాని పెద్ద కండరాలకు శ్రమ తక్కువ. పుస్తకం ముందు కూర్చున్న విద్యార్థి పరిస్థితి కూడ నేతగానిదే. కాబట్టి భోజనమైన పిమ్మట నడుము వాల్చక, పావుగంటసేపు తీరం వెంట నడిస్తే చక్కెర పెరుగుదల స్పష్టంగా తగ్గుతుంది.

ఆ శక్తి కండరంలో ఏ రూపంలో ఉంటుందో వెల్లడించినవారిలో ఒకరు ఈ డెల్టా బిడ్డడే. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించి, రాజమహేంద్రవరంలో చదువుకొన్న ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1920ల చివరి సంవత్సరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని కండరంలో కనుగొన్నారు. తిన్న అరిసె చివరకు ఏ.టి.పి.గా మారితేనే కాలు కదులుతుంది.

పిండివంటల విషయంలో ప్రచారంలో ఉన్న ఒక భ్రమను ఇక్కడ తొలగించవలసి ఉంది. పంచదార చెడ్డది, బెల్లం మంచిది కనుక ఎంత తిన్నా ఫరవాలేదని చాలామంది నమ్మిక. బెల్లంలో కొద్దిగా ఖనిజ లవణాలు ఉన్నమాట నిజమే. కాని అందులోనూ అధికభాగం సుక్రోజే; క్లోమానికి ఆ రెండింటి మధ్య పెద్ద భేదం కనిపించదు. విడిగా కలిపిన చక్కెరలు దినాహారపు శక్తిలో పదోవంతు లోపల, వీలైతే ఇరవయ్యో వంతు లోపల ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రెండు వేల కేలరీల ఆహారానికి ఇది 50 గ్రాములు, వీలైతే 25 గ్రాములు అవుతుంది. బెల్లమూ ఆ లెక్కలోనిదే. పిండివంటలలో సున్నుండకు కొంత మెరుగైన స్థానం ఇవ్వవచ్చు. మినుములోని మాంసకృత్తులు, నేయి జీర్ణక్రియను నెమ్మదింపజేస్తాయి. అయితే రెండో సున్నుండకు ఈ వాదన అంతగా చెల్లదు.

పండుగకు తీపి ఒక్కటే కాదు, నిద్రలేమి కూడ తోడవుతుంది. ముందురాత్రి పొద్దుపోయేవరకు పిండివంటలు, ముగ్గులు, తెల్లవారకముందే భోగిమంట. నిద్ర తగ్గితే ఆకలిని పుట్టించే గ్రెలిన్ పెరిగి, తృప్తిని తెలిపే లెప్టిన్ తగ్గుతుందని కొన్ని పరిశోధనలు చూపాయి. ఇన్సులిన్ ప్రభావం కూడ సన్నగిల్లుతుంది. రాత్రివేళ విడుదలయ్యే మెలటోనిన్ ఇన్సులిన్ స్రావాన్ని కొంత అణచుతుంది. కావున పగటి భోజనంలో తిన్న బొబ్బట్టు కన్న అర్ధరాత్రి ముచ్చట్ల మధ్య తిన్న బొబ్బట్టు శరీరానికి బరువు.

కళాశాల వయసు బాలికలకు ఇందులో మరొక అంశం ఉంది. రక్తంలో ఇన్సులిన్ నిరంతరం ఎక్కువగా ఉన్నప్పుడు అండాశయాలు పురుష హార్మోన్లను అధికంగా తయారుచేయవచ్చు. ఋతుక్రమం తప్పడం, మొటిమలు, ముఖంపై రోమాలు దీనికి గుర్తులు. ఇది తీపి వలన మాత్రమే వచ్చే రుగ్మత కాదు, వంశపారంపర్యమూ ఉంటుంది. సిగ్గుపడి దాచవలసినదీ కాదు, వైద్యురాలికి చెప్పవలసినది. గర్భవతులకు సంక్రాంతి సారెతో తీపి విరివిగా వస్తుంది. గర్భకాలంలో మావి విడుదలచేసే హార్మోన్లు ఇన్సులిన్‌ను ఎదిరిస్తాయి కాబట్టి, చక్కెర పరీక్ష చేయించుకోకుండా సారెను తినడం తల్లికీ బిడ్డకూ అపాయకరం. మధుమేహానికి మందులు వాడే పెద్దలు పండుగపూట మాత్రను మానడం, లేక తమంతట తామే రెట్టింపు వేసుకోవడం ఇంకను ప్రమాదం.

మధ్యాహ్నపు విందుకని ఉదయం పస్తుండేవారు కొందరు. అట్లు చేసినచో తరువాతి భోజనంతో చక్కెర మరింత ఎత్తుకు పోతుంది. ముందుగా కూర, పప్పు, చేప తిని, అన్నమూ తీపీ చివరకు తీసుకొంటే పెరుగుదల తగ్గుతుంది. పేగులనుండి వెలువడే హార్మోన్లు అప్పటికే ఇన్సులిన్‌ను సిద్ధపరచి ఉంటాయి. తీపిని విస్తరిలో మొదట వడ్డించే ఆచారం ఉన్నచోట, దానిని విస్తరి మూలన ఉంచి చివరకు తినడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

అరిసె అసలు నిలవకోసం పుట్టిన వంటకం. ముదురుపాకం తేమను బంధిస్తుంది. చెక్కల నడుమ ఒత్తగా అదనపు నూనె కారిపోతుంది. చక్కగా చేసిన అరిసె కొన్ని వారాలపాటు చెడదు. కనుమ నాటికి డబ్బా ఖాళీ చేయవలసిన తొందర వంటలో లేదు, తినేవారిలోనే ఉంది. రోజుకొక్కటి చొప్పున తీసినా ఆ డబ్బా మాఘమాసం వరకు వస్తుంది.