ఒకే నాయనమ్మ, రెండు రికార్డులు

2022 మార్చిలో మన పక్కనే ఉన్న ములుగులో, అటు రాజన్న సిరిసిల్లలో హెల్త్ ప్రొఫైల్ పైలట్ మొదలైంది. ఇంటింటికీ వెళ్లి 18 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్ చూసి, శాంపిల్స్ తీసి, అన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించడం దాని పని. జిల్లా మొత్తం డేటా ఒకచోట ఉంటే ఏ ఊళ్లో బీపీ ఎక్కువో, ఎక్కడికి ఏ మందులు పంపాలో ముందే తెలుస్తుంది.

బిగ్ డేటా అనగానే మనం హడూప్, స్పార్క్ అంటాం. అసలు చిక్కు అక్కడ లేదు. మా నాయనమ్మ రిపోర్టులు రెండు చూశాను. ఒకదాంట్లో పేరు చివర ‘అమ్మ’ ఉంది, ఇంకోదాంట్లో లేదు. వయసు ఒకచోట 62, ఇంకోచోట 65. (అసలు వయసు ఆమెకే తెలీదు లెండి!) కంప్యూటర్‌కి వీళ్లు ఇద్దరు మనుషులు. ఒక మందు పడదని మొదటిదాంట్లో రాసుంది, రెండోదాంట్లో లేదు. డాక్టర్ రెండోదే చూసి ఆ మందు రాస్తే?

పోనీ, పేర్లు దగ్గరగా ఉన్నాయని ప్రోగ్రామ్‌తో కలిపేద్దామా? ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది! ఒకరి షుగర్ ఇంకొకరికి అంటుకుంటుంది.

14 అంకెల ఆభా నంబర్ తెచ్చింది ఇందుకే. దాంతో రికార్డు చూడాలంటే పేషెంట్ అనుమతి కావాలి. మంచిదే. కానీ ఆ అనుమతి ఫోన్ మీద నడుస్తుంది. నాయనమ్మకి ఫోన్ లేదు, రాయించిన నంబర్ బాబాయిది. ఆయన ఉండేది హైదరాబాద్‌లో.