మిస్వాక్ అందని చోటు: పళ్ళ సందులు

మిస్వాక్ చేస్తుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, వుజూ నిలుస్తుందా, పోతుందా అని అడిగేవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మా వద్దకూ ఈ ప్రశ్న ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది. హనఫీ ఫిఖహ్‌లో జవాబు స్పష్టంగానే ఉంది. ఉమ్మిలో రక్తం పాలు ఎక్కువై ఎర్రగా కనిపిస్తే వుజూ పోతుంది. ఉమ్మే ఎక్కువై పసుపు ఛాయ మాత్రం ఉంటే పోదు. షాఫయీ మస్లక్‌లో నోటి రక్తం వల్ల వుజూ పోదు. మస్‌అలా అంతవరకే. అయితే ఈ జవాబు విని వెళ్ళినవారిలో చాలామంది చేసే పని మాత్రం మాకు నచ్చదు. వుజూ చెడుతుందని భయపడి మిస్వాక్ మానేస్తారు. బ్రష్షును చిగురుకు తగలనివ్వరు. పళ్ళ సందుల జోలికి అసలే పోరు. రక్తం వచ్చే చోటునే వదిలేస్తారు. రోగం ఉన్నదీ అక్కడే.

ఆరోగ్యంగా ఉన్న చిగురు మెత్తని కుంచె తగిలితే రక్తం కార్చదు. రక్తం వచ్చిందంటే అక్కడ పాచి పేరుకుందని, చిగురు వాచిందని అర్థం. పాచి అంటే తిండి మరక కాదు, పంటిని అంటుకుని పెరిగే సూక్ష్మజీవుల పొర. దాన్ని తుడిచెయ్యకపోతే ఉమ్మిలోని సున్నంతో కలిసి గారగా గట్టిపడుతుంది. గార పట్టాక ఇంట్లో ఎంత తోమినా పోదు. వాపు అక్కడితో ఆగకపోతే పంటిని పట్టి ఉంచే ఎముక మెల్లగా కరిగిపోతుంది. నొప్పి ఉండదు గనుక ఎవరూ పట్టించుకోరు. పన్ను కదిలిన రోజున మాత్రం "వయసు మీద పడింది" అంటారు.

1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్ దంతవైద్య కళాశాల పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటి చెప్పుకోదగినది. ఆరోగ్యవంతులైన పన్నెండు మందిని పళ్ళు తోమడం మానమన్నారు. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లోగా అందరి చిగుళ్ళూ వాచాయి. తిరిగి శుభ్రం చేయడం మొదలుపెట్టగానే వారం రోజుల్లో మామూలయ్యాయి. అంటే రక్తం కారే చిగురును శుభ్రం చేస్తేనే రక్తం ఆగుతుంది. మానేస్తే వుజూకు అడ్డంకి తొలగదు సరికదా, శాశ్వతమవుతుంది.

ఇక పళ్ళ సందుల సంగతి. మిస్వాక్ అయినా, టూత్‌బ్రష్ అయినా పంటి ముందువైపును, వెనుకవైపును, నమిలే తలాన్ని తుడుస్తుంది. రెండు పళ్ళు ఒరుసుకునే చోటికి ఏదీ పోదు. అందుకే వైద్యులు 'ఫ్లాస్' అనే సన్నని దారంతో ఆ సందులు తుడుచుకోమంటారు. ఈ సలహా కొత్తది కాదు. 1819లోనే అమెరికాలో న్యూ ఆర్లీన్స్ నగరపు దంతవైద్యుడు లెవీ స్పియర్ పార్మ్లీ మైనం పూసిన పట్టుదారం వాడమని తన పుస్తకంలో రాశాడు.

అయితే 2016లో ఒక వార్త వచ్చింది. అమెరికా ప్రభుత్వం 1979 నుంచి ఫ్లాస్ చేయమని చెబుతూ వచ్చింది. దీనికి ఆధారాలేమిటని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ అడిగింది. తరువాత వెలువడిన ప్రభుత్వ ఆహార మార్గదర్శకాల్లో ఆ సలహా కనిపించలేదు. దారం వల్ల ఉపయోగమే లేదట అని లోకమంతా పాకింది. మన చదువుకున్న పిల్లలు కూడా ఈ మాట చెప్పి తప్పించుకుంటున్నారు.

ఉపయోగం లేదని రుజువు కావడం వేరు, ఉందని గట్టిగా రుజువు కాకపోవడం వేరు. 2019లో కాక్రేన్ సంస్థ 35 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 3,929 మంది ఫలితాలను కలిపి పరిశీలించింది. బ్రష్షుకు తోడుగా దారం వాడితే చిగుళ్ళ వాపు కొంత తగ్గవచ్చని, సందుల్లో దూరే చిన్న బ్రష్షులు దారం కంటే మేలు కావచ్చని తేల్చింది. ఈ ఆధారం బలహీనమైనదేనని కూడా చెప్పింది. ప్రయోగాలు చాలావరకు కొద్ది నెలలవే. సందుల్లో వచ్చే పిప్పిని ఏ ఒక్కటీ కొలవలేదు.

పిల్లల పిప్పిపళ్ళ గురించి 2006లో వచ్చిన మరో సమీక్ష మాకు ఎక్కువ ఆలోచింపజేసేదిగా కనిపించింది. బడి రోజుల్లో శిక్షణ పొందినవారే పిల్లల పళ్ళను దారంతో శుభ్రం చేసినప్పుడు, ఏడాదిన్నర పైచిలుకు కాలంలో పిప్పిపళ్ళ ప్రమాదం 40 శాతం తగ్గింది. కాస్త పెద్ద పిల్లలు తమంతట తాము చేసుకున్నప్పుడు తేడా ఏమీ కనిపించలేదు. లోపం దారంలో కాదు, చేతిలో ఉందని మేము అర్థం చేసుకున్నాము. ఖుర్ఆన్ పఠనం నేర్పేవారికి ఇది వింతగా తోచదు. తజ్వీద్ రాకుండా ఎన్నిసార్లు చదివితే ఏం లాభం?

సందులు శుభ్రం చేసుకోవడం మన ఇళ్ళకు పరాయి సంగతి కాదు. 'ఖిలాల్' అనే మాట మన దస్తర్‌ఖాన్ మీదదే. ఖిలాల్‌తో తీసినది ఉమ్మెయ్యాలని, అలా చేస్తే మంచిదని, చేయకపోతే తప్పులేదని తెలిపే ఉల్లేఖనం అబూదావూద్‌లో ఉంది. దాని పరంపర బలహీనమని కొందరు హదీసువేత్తలు అన్నారు. మిస్వాక్ విషయంలో మాత్రం ఏ సందేహమూ లేదు. దైవప్రవక్త (స) తన ఆఖరి ఘడియల్లో సైతం మిస్వాక్ కోరారని, హజ్రత్ ఆయిషా (రజి) దాన్ని తన పళ్ళతో మెత్తజేసి ఇచ్చారని బుఖారీలో ఉంది. మెత్తజేసి ఇచ్చారన్నది గమనించండి. మనవాళ్ళు ఎండిన పుల్లతో చిగుళ్ళు గీరుకుంటారు.

ఇక బిర్యానీ తిన్నాక దవడ పళ్ళలో మాంసం పీచు ఇరుక్కుంటే ఏం వాడుతున్నాం? చీపురు పుల్ల, అగ్గిపుల్ల, గాజుకు వేలాడే పిన్నీసు. ఇది ఖిలాల్ కాదు, చిగురును పొడవడం.

దారం వాడే పద్ధతి ఇది. మూర మేర దారం తీసుకుని రెండు చేతుల నడిమి వేళ్ళకు చుట్టుకోవాలి. పళ్ళ మధ్యకు రంపం లాగినట్టు మెల్లగా దించాలి, ఒక్కసారి చిగురు మీదికి గుచ్చకూడదు. దించాక దారాన్ని ఒక పంటికి వంచి ఆనించి, చిగురు అంచు కిందినుంచి పైకి రుద్దాలి. తరువాత పక్క పంటికీ అలాగే. సందులు వెడల్పుగా ఉన్న పెద్దవారికి చిన్న బ్రష్షే మంచిది. బలవంతం లేకుండా దూరే సైజు ఎంచుకోవాలి. ఇషా నమాజు అయ్యాక పడుకోబోయే ముందు చేసుకుంటే వుజూ బెంగ కూడా ఉండదు. రంజాన్‌లో సహరీ తరువాత తప్పనిసరి అనుకోండి. పళ్ళలో ఇరుక్కున్నది శనగగింజంత ఉండి, రోజాలో మింగితే రోజా పోతుందని ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. దారం వాడినంత మాత్రాన ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండుపూటలా తోమడం మానరాదు. పిప్పిని ఆపడంలో దానికున్న ఆధారం దారం కంటే చాలా గట్టిది.

"మా దాదా ఏనాడూ ఇవేమీ చేయలేదు, ఎనభై ఏళ్ళకూ చెరకు నమిలాడు" అనేవారుంటారు. నిజమే కావచ్చు. శ్రీలంక తేయాకు తోటల్లో పళ్ళు తోమే అలవాటే లేని 480 మంది కూలీలను పరిశోధకులు 1970 నుంచి పదిహేనేళ్ళు గమనించారు. వారిలో 11 శాతం మందికి చిగుళ్ళ వాపును మించి జబ్బు ముదరలేదు. మిగిలిన 89 శాతం మందికి ముదిరింది. ఆ దాదా పదకొండులోని వాడు. మనవడు ఏ లెక్కలోకి వస్తాడో ముందుగా చెప్పలేము. అందులోనూ షుగర్ ఉన్న ఇళ్ళలో మరింత జాగ్రత్త కావాలి. షుగర్ చిగుళ్ళ జబ్బును పెంచుతుంది, చిగుళ్ళ జబ్బు షుగర్ అదుపును చెడగొడుతుంది.

రోజూ శ్రద్ధగా శుభ్రం చేసినా రెండు వారాలకు రక్తం ఆగలేదంటే లోపల గార ఉన్నట్టే. అది వైద్యుడు తీయవలసినదే. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని మన అమ్మీలు, నానీలు గట్టిగా నమ్ముతారు. వదులైన పన్ను ముందే వదులైంది, ఇన్నాళ్ళూ గార గోడలా అంటుకుని దాన్ని కనిపించనివ్వలేదు, అంతే. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. ఇంట్లో పెద్దవారిని పన్ను కదలక ముందే అక్కడికి తీసుకెళ్ళండి.